జాగ్రత్త: ఫ్యామిలీ సపోర్ట్ పేరుతో అమ్ముతున్న ‘డిటాక్స్’ ప్యాకేజీ

ఆటిజం, మాటలు ఆలస్యం, ఎదుగుదలలో ఇబ్బందులు ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ‘ఫ్యామిలీ సపోర్ట్ ప్రోగ్రామ్’ అంటూ, ఒంట్లో విషాలు తీసేస్తామనే (డిటాక్స్) ఏడాది ప్యాకేజీకి ముందే మొత్తం డబ్బు కట్టమంటే, కట్టేముందు ఒకసారి చదవండి. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటివి పేర్లు మార్చుకుంటూ వస్తూనే ఉంటాయి కాబట్టి పద్ధతి తెలిస్తే చాలు.

మొదట తల్లిదండ్రుల గ్రూపులో చేర్చుకుంటారు. అది ఉచితమే. మా బాబు నిద్రపోక గోల చేస్తుంటే అర్ధరాత్రి మెసేజ్ పెట్టినా ఎవరో ఒకరు పలికేవారు. చుట్టాలంతా ‘వాడే మాట్లాడతాడులే’ అని తేల్చేస్తున్న రోజుల్లో మన బాధ అర్థమయ్యేవాళ్లు దొరికితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. నిజానికి వాళ్ల పెట్టుబడి అదే. ఆ నమ్మకం కుదిరాక నెమ్మదిగా టెస్టుల మాట ఎత్తుతారు.

ఒంట్లో పాదరసం, సీసం పేరుకుపోయాయేమో చూద్దామన్నారు. ముందు ఒక మందు మింగించి, తర్వాత మూత్రం పట్టి పంపమన్నారు. రిపోర్ట్ నిండా ఎర్ర గీతలే. మావారికీ నాకూ ఆ రాత్రి అన్నం సయించలేదు. తర్వాత మా పిల్లల డాక్టర్ ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించారు: ‘నార్మల్’ అని వేసిన అంకెలు ఏ మందూ తీసుకోని వాళ్లవట. లోహాల్ని బయటికి లాగే మందు ఇచ్చి పరీక్ష చేస్తే ఎవరికైనా అంకె పెరుగుతుంది, మీకూ నాకూ కూడా. అంటే ఎర్ర గీత ముందే రాసిపెట్టి ఉందన్నమాట.

ఆ రిపోర్ట్ చూపించి డ్రాప్స్, పౌడర్లు అంటగట్టారు. స్పీచ్ థెరపీ కూడా ఆపేయమన్నారు, రెండూ కలిస్తే పనిచేయదట! బాబుకి వాంతులు మొదలైతే ‘విషం బయటికి పోతోంది, మంచి లక్షణమే’ అన్నారు. ఈ మాట ఎవరైనా అంటే ఇక రెండో ఆలోచన వద్దు, ఆపేయండి.

ఇలా మందుతో ఒంట్లోని లోహాల్ని బయటికి లాగడాన్ని చెలేషన్ అంటారు. అది నిజమైన వైద్యమే. కాకపోతే సీసం లాంటి లోహాలు ఒంట్లో ఎక్కువయ్యాయని సరైన పరీక్షల్లో తేలినవాళ్లకి, డాక్టర్ల పర్యవేక్షణలో చేసేది. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబుకి ఇదే వైద్యం చేస్తుంటే రక్తంలో కాల్షియం పడిపోయి, గుండె ఆగి చనిపోయాడు. పిల్లల్లో ఆటిజానికి చెలేషన్, సెక్రెటిన్ (ఒక హార్మోన్), హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇవ్వడం) వాడొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

వాంతుల సంగతి గ్రూపులో అడిగాను. కాసేపటికే నన్ను తీసేశారు. అలాగే బయటికొచ్చిన ఇంకో అమ్మ చెప్పింది, ‘మా పాప మాట్లాడేస్తోంది’ అని రోజూ వీడియోలు పెట్టేవాళ్లలో కొందరికి రిఫరల్ కోడ్ ఉందని, ఒకరిని చేర్పిస్తే కమిషన్ అని. నాకు డబ్బు కంటే ఎక్కువ నొప్పి కలిగించింది ఇదే. రీఫండ్ అడిగితే అగ్రిమెంట్‌లో లైను చూపించారు: తల్లిదండ్రులు అన్నీ తు.చ. తప్పకుండా పాటించకపోతే ఫలితానికి పూచీ లేదు. ఏ ఇంట్లో కుదురుతుందండీ అలా?

సాయం కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్ చూడండి. 2 నుంచి 9 ఏళ్ల పిల్లలున్న కుటుంబాల కోసం చేసింది, ఆన్‌లైన్ కోర్సు ఉచితం. ఆటలో, ఇంటి పనుల్లో పిల్లల్ని ఎలా కలుపుకోవాలో, మొండికేసినప్పుడు ఏం చేయాలో నేర్పుతారు. ‘నయం చేస్తాం’ అన్న మాటే ఉండదు. థెరపీ సెంటర్ అయితే సెషన్‌లో మనల్ని లోపల కూర్చోనిస్తారా, లక్ష్యాలు కాగితం మీద రాసిస్తారా, ఏ నెలకా నెల కట్టొచ్చా అని అడగండి. మూడింటికీ నసిగితే లేచి వచ్చేయండి.

ఇప్పటికే ఇలాంటి గ్రూపులో ఉన్నవాళ్లు మెసేజ్‌లు, రసీదులు ఈరోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి. తీసేశాక కుదరకపోవచ్చు. డ్రాప్స్ వాడుతుంటే సీసాలు, రిపోర్ట్ రెండూ పట్టుకెళ్లి పిల్లల డాక్టర్‌కి చూపించండి.