ఆరేళ్లుగా నా మణికట్టున ఉన్న డైవ్ కంప్యూటర్: అనుకోని డెకో స్టాప్ తర్వాత నా అభిప్రాయం

అనంతపురంలో కాపురముండి సముద్రంలో డైవింగ్ చేయడమంటే ఏడాదికి రెండు ప్రయాణాలకు మించి కుదరదు. మేము ఎక్కువగా వెళ్లేది మురుడేశ్వర్ తీరానికి ఎదురుగా ఉన్న నేత్రాణి దీవికి. సెలవులు కలిసివస్తే అండమాన్‌లోని హావ్‌లాక్‌కు. చిన్నప్పుడు పొలం బావిలో బెండు కట్టుకొని ఈత నేర్చుకున్న నాకు నీటి భయం ఎప్పుడూ లేదు గానీ, లోతు శరీరంలో చేసే పని కంటికి కనిపించదు గనుక, శిక్షణ ముగిసిన ఏడాదికే, ఏ లోతులో ఎంతసేపు క్షేమంగా ఉండవచ్చో లెక్కగట్టి చెప్పే ఈ డైవ్ కంప్యూటర్‌ను కొన్నాను. దాదాపు 120 డైవ్‌లు దీనితోనే చేశాను.

లోతున పీల్చే గాలిలోని నత్రజని శరీరంలో కరుగుతుంది, తొందరగా పైకి వస్తే అది బుడగలై హాని చేస్తుంది. ఇది బ్యూల్మన్ జడ్‌హెచ్‌ఎల్-16సి అనే లెక్క పద్ధతితో పనిచేస్తుంది. శరీరాన్ని 16 ఊహాత్మక కణజాలాలుగా తీసుకొని, ఒక్కొక్క దానిలో ఎంత నత్రజని కరిగిందో క్షణక్షణం లెక్కిస్తూ, దారిలో ఆగకుండా పైకి రాగల సమయం (నో-డెకో సమయం) ఎంత మిగిలిందో చూపుతుంది. అది దాటితే, నత్రజని తగ్గేదాకా అది చెప్పిన లోతు దగ్గర తప్పక ఆగాలి, అదే డెకో స్టాప్. మామూలు డైవ్‌లలో దీనికి వంక పెట్టలేను. అంకెలు స్పష్టంగా ఉంటాయి, నిమిషానికి 9 మీటర్లకంటే వేగంగా లేస్తే హెచ్చరిస్తుంది, 5 మీటర్ల దగ్గర ముందుజాగ్రత్తగా ఆగే 3 నిమిషాల సేఫ్టీ స్టాప్‌ను తానే లెక్కపెడుతుంది. దీని అసలు గుణం, అసలు లోపం రెండూ నాకు తెలిసింది మాత్రం హావ్‌లాక్‌లో ఒకే ఒక్క డైవ్‌లో.

ఆ ఉదయం మొదటి డైవ్‌లో జానీస్ గార్జ్ అనే చోట 29 మీటర్ల వరకు దిగాము. పడవ మీద విశ్రాంతి గంట కూడా నిండలేదు. రెండో డైవ్ 18 మీటర్లు దాటకూడదని అనుకొని దిగినవాళ్లం, బారకుడా చేపల గుంపు వెంట పోతూ 26 మీటర్లకు చేరాము. అక్కడ కంప్యూటర్ మోగి, తెర మీద ‘డెకో’ అన్న మాట, 3 మీటర్లు, పక్కన 7 అంకె కనిపించాయి. ఆ 7 స్టాప్ దగ్గర ఆగవలసిన నిమిషాలని నేను పొరబడ్డాను. నిజానికి అది ఉపరితలం చేరడానికి పట్టే మొత్తం సమయం. నాతో దిగిన మా కడప బావ కంప్యూటర్‌లో మాత్రం ఇంకా 3 నిమిషాల నో-డెకో సమయం మిగిలే ఉంది. రెండింటి లెక్కలు వేరు, అమరికలు వేరు. వెంటనే లేవాలని చేతి సైగలతో ఆయనను ఒప్పించేసరికి రెండు నిమిషాలు గడిచి, 7 కాస్తా 9 అయింది. ఇద్దరి కంప్యూటర్లు ఒకటే చెప్పనప్పుడు ఏది కఠినంగా ఉంటే దానినే ఇద్దరూ పాటించాలని ముందే మాట అనుకొని ఉంటే ఆ రెండు నిమిషాలు పోయేవి కావు.

అప్పుడు సిలిండర్ పీడనం చూపే నా గేజ్‌లో 80 బార్ ఉంది. అది 50 బార్ అయి ఉండి, ఒకరి రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) పాడై ఇద్దరం ఒకే సిలిండర్ పీల్చవలసివస్తే ఏమయ్యేదో ఇంటికి వచ్చాక కాగితం మీద వేసి చూశాను. 11 లీటర్ల సిలిండర్‌లో 50 బార్ అంటే 550 లీటర్ల గాలి. మనిషి ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు, లోతున పీడనం పెరిగినకొద్దీ అంతకంటే ఎక్కువ పీలుస్తాడనుకుంటే, 26 మీటర్ల నుంచి లేచే 3 నిమిషాలకు ఇద్దరికీ సుమారు 275 లీటర్లు, 3 మీటర్ల దగ్గర 6 నిమిషాల స్టాప్‌కు మరో 310 లీటర్లు కావాలి. ఉన్నదానికంటే అవసరమే ఎక్కువ. అదీ కంగారు లేకుండా పీల్చినప్పటి మాట. స్టాప్ ఎంతసేపో కంప్యూటర్ చెప్పింది గానీ, దానికి సరిపడా గాలి ఉందో లేదో చెప్పలేదు. సిలిండర్ పీడనాన్ని కూడా చదవగల రకం కొనకపోవడం నా పొరపాటే.

స్టాప్ పట్టుకోవడానికి అక్కడ తాడు లేదు. అలల ఊపుకు 3 మీటర్లు దాటి కొంచెం పైకి వెళ్లినప్పుడల్లా కంప్యూటర్ మోగేది, నిమిషాల లెక్క నిలిచిపోయేది. అందుకే 4 మీటర్లకు దిగి, సమయం కొంత ఎక్కువ పట్టినా అక్కడే నిలిచి ముగించాము. పైకి వచ్చేసరికి నా దగ్గర 40 బార్‌కు కొంచెం తక్కువ మిగిలింది. పడవ మీద బావ అడిగిన మొదటి మాట, “కీళ్లలో నొప్పేమైనా ఉందా బావా?” అని. నత్రజని బుడగల వల్ల వచ్చే జబ్బుకు అది గుర్తు. ఇద్దరికీ లేదు. ఉండి ఉంటే పడవలోని ఆక్సిజన్ ఇస్తూ, చికిత్సకు ఫెర్రీ మీద పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్లవలసివచ్చేది. ఆ రోజు మళ్లీ నీటిలో దిగలేదు.

బ్యాటరీ విషయంలో నాకు ఇప్పటికీ అసంతృప్తి ఉంది. ఊళ్లో గడియారాలు బాగుచేసే దుకాణంలో మార్పిస్తే రబ్బరు రింగు మెలితిరిగి లోపల చెమ్మ చేరింది. పైగా బ్యాటరీ తీయగానే నా కంప్యూటర్‌లో నత్రజని లెక్క మొత్తం చెరిగిపోతుంది. ప్రయాణం మధ్యలో మారిస్తే, నిన్నటి డైవ్‌లు జరగనట్టే అది లెక్కవేస్తుంది. అందుకే బయలుదేరడానికి వారం ముందే కొత్త రింగుతో సహా నేనే మారుస్తున్నాను.

డైవ్ తర్వాత కంప్యూటర్ తెర మీద విమానం ఎక్కరాదన్న గుర్తు కనిపిస్తుంది. ఎత్తున గాలి పీడనం తగ్గుతుంది గనుక, మా ప్రాంతంవారికి అది కారు ప్రయాణంలోనూ అవసరమే. మురుడేశ్వర్ నుంచి అనంతపురం రావాలంటే ఘాట్ ఎక్కక తప్పదు, చిత్రదుర్గం వైపు రోడ్డు 700 మీటర్లు దాటుతుంది. డైవ్ తర్వాత ఎత్తుకు వెళ్లే విషయంలో జాగ్రత్తలు 600 మీటర్ల నుంచే వర్తిస్తాయి. ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు, డెకో స్టాప్ పడితే అంతకంటే చాలా ఎక్కువసేపు ఆగాలి. ఇంతకుముందు సాయంత్రమే కారెక్కేవాళ్లం. ఇప్పుడు చివరి డైవ్ మధ్యాహ్నం ముగిస్తే మరునాడు ఉదయం పది దాటాక, ఆ గుర్తు తెర మీది నుంచి పోయిందని చూసుకొని, అప్పుడు బయలుదేరుతున్నాము.