జూమా, రిఫ్లెక్టరా, టీఐఆర్ లెన్సా: జేబు టార్చిలో ఏది మేలు?

మా పెదనాన్నకు గుంటూరు దగ్గర పల్లెలో రెండెకరాల మిరప ఉంది. తెల్లవారుజామున నాలుగింటికే మోటారు దగ్గరికి బయల్దేరతాడు. కాయ కోసి కల్లంలో ఆరబోసినన్నాళ్లూ రాత్రి కాపలా కూడా ఆయనదే. కిందటేడు బెజవాడ వన్‌టౌన్‌లో ఆయన కోసం ఒక జూమ్ టార్చి కొన్నాను. "ముందుకు లాగితే కిలోమీటరు పడుద్దండి" అన్నాడు షాపాయన. వారం తిరక్కుండానే పెదనాన్న ఫోన్ చేశాడు: "అబ్బాయ్, ఆ చివర గట్టు మీద కుక్క కళ్లు మెరవడం కనపడతంది గానీ, నా కాళ్ల కాడ ఏముందో కనపడట్లేదురా."

రక్తపింజరలు తిరిగే చేలో ఇది చిన్న మాట కాదు. అందుకే మూడు రకాల టార్చిలు ముందు పెట్టుకుని, ఇంట్లో లైట్లన్నీ ఆపి, మీటరు దూరం నుంచి తెల్లగోడ మీద వేసి చూశాను. మూడూ అరచేతిలో పట్టేవే. మూడింట్లోనూ ఒకే సైజు సెల్లు, రీచార్జి చేసుకునే 18650 రకం.

ముందు ఎల్‌ఈడీ సంగతి. పసుపు పచ్చగా కనిపించే ఆ చిన్న పలక తన వెలుతురును ఒకవైపే పంపదు, ముందున్న అర్ధగోళం అంతటా చల్లుతుంది. నేరుగా ఎదురుగా ఎక్కువ పడుతుంది, 60 డిగ్రీలు పక్కకు జరిగేసరికి తీవ్రత సగమవుతుంది. దాన్ని పోగుచేసి పంపడమే అద్దం పని, అది లెన్స్ అయినా మెరిసే గిన్నె అయినా. డబ్బా మీద రాసే ల్యూమెన్లు మొత్తం వెలుతురు లెక్క. ఒక దిక్కుకు ఎంత గట్టిగా పోతోందో చెప్పేది క్యాండెలా. ఒకే ఎల్‌ఈడీ, ఒకే సెల్లు పెట్టినా అద్దం మారిస్తే క్యాండెలా ఎన్నో రెట్లు మారిపోతుంది.

జూమ్ టార్చిని పూర్తిగా ముందుకు లాగి గోడ మీద వేస్తే గుండ్రంగా పడదు, నలుచదరంగా పడుతుంది. అంచులు కత్తితో కోసినట్టుంటాయి. దగ్గరికెళ్లి చూస్తే అందులో సన్నటి గీతలు కూడా కనిపించాయి. అది ఎల్‌ఈడీ పలక బొమ్మే! సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఫిల్మును తెర మీదికి పంపినట్టు, ముందున్న ఉబ్బెత్తు లెన్స్ ఆ పలకనే పెద్దది చేసి గోడ మీద చూపిస్తోంది. ఆ చదరం బయట కటిక చీకటి. పెదనాన్న కాళ్లు ఉన్నది ఆ చీకట్లోనే.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. లెన్స్ ఎల్‌ఈడీకి దూరం జరిగేకొద్దీ దానికి చిక్కే వెలుతురు తగ్గిపోతుంది. లెన్స్ అంచు ఎల్‌ఈడీ నుంచి చూస్తే 30 డిగ్రీల కోణంలో ఉందనుకోండి, మొత్తంలో పావు వంతే లెన్స్ మీద పడుతుంది. మిగిలిన ముప్పావు గొట్టం లోపలి గోడలకు తగిలి వేడిగా పోతుంది. పైగా ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా ఆ గొట్టం గాలి పీల్చి వదులుతుంది. గాలితో పాటు మిరప కల్లంలో దుమ్ము, వానలో తేమ లోపలికి వెళ్తాయి. మా టార్చి లెన్స్ వెనక మూడు నెలలకే ఎర్రటి పొడి పేరుకుంది.

దాని మంచి కూడా చెప్పాలి. పూర్తిగా లోపలికి నొక్కితే పరుచుకునే వెలుతురు అంత సమంగా మిగతా రెండింటిలోనూ రాదు. ఫ్యూజు వేయడానికి, స్టార్టర్ డబ్బా విప్పడానికి అది హాయి.

రిఫ్లెక్టర్ టార్చిలో ఎల్‌ఈడీ ఒక మెరిసే గిన్నె అడుగున ఉంటుంది. పక్కలకు పోయే వెలుతురు గిన్నెకు తగిలి తిన్నగా ముందుకెళ్తుంది. గోడ మీద నడిమి చుక్క అదే. గిన్నెను తాకకుండా నేరుగా బయటికొచ్చేది చుట్టూ వెడల్పుగా పరుచుకుంటుంది. అంచు 45 డిగ్రీల దగ్గరుంటే రెండూ చెరి సగం. అంటే దూరాన చుక్క, కాళ్ల దగ్గర వెలుతురు రెండూ ఒకేసారి దొరుకుతాయి. నున్నటి గిన్నెలో చుక్క పదునుగా ఉంటుంది గానీ చుట్టూ వలయాలు పడతాయి. నారింజ తొక్కలా గరుకుగా చేసిన గిన్నెలో ఆ వలయాలు కలిసిపోతాయి, దూరం కొంచెం తగ్గుతుంది. నడకకు నేను గరుకుదే ఎంచుతాను.

ఇక టీఐఆర్ లెన్స్, అంటే టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్ (సంపూర్ణాంతర పరావర్తనం) మీద నడిచేది. ఇది అక్రిలిక్ వంటి పారదర్శక ప్లాస్టిక్‌తో చేసిన గట్టి గరాటు. దాని అడుగు గుంటలో ఎల్‌ఈడీ కూర్చుంటుంది. నేరుగా వచ్చే వెలుతురును నడిమి ఉబ్బు సరిచేస్తుంది. పక్కలకు పోయేది గరాటు గోడను ఏటవాలుగా తాకుతుంది. అక్రిలిక్ లోపల ఆ కోణం సుమారు 42 డిగ్రీలు దాటితే వెలుతురు బయటికి పోలేదు, మొత్తం లోపలికే తిరిగొస్తుంది. మెరుపు పూత అక్కర్లేదు. ఎటూ పోనివ్వకుండా దాదాపు అంతా మన చేతిలో ఉంటుందన్నమాట. లోతు తక్కువ కాబట్టి టార్చి పొట్టిగా తయారవుతుంది. ముఖం గింజలు గింజలుగా ఉన్నదైతే వెలుతురు నడుమ నుంచి అంచుకు మెల్లగా తగ్గుతుంది. ఈ లెన్సులకు డిగ్రీల లెక్క ఉంటుంది. 10 డిగ్రీలదైతే 5 మీటర్ల దూరంలో మీటరు కూడా నిండని వలయం పడుతుంది, 30 డిగ్రీలదైతే దాదాపు 2.7 మీటర్లు.

దూరం మాటకొస్తే, టార్చిల కోసం 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్‌1 ప్రమాణం ప్రకారం వెలుతురు 0.25 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురు కొలత) పడిపోయే చోటే టార్చి దూరం. అది నిండు పున్నమి వెన్నెలంత, అంతే. క్యాండెలాకు వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది. 10,000 క్యాండెలాకు 200 మీటర్లు. షాపాయన చెప్పిన కిలోమీటరుకు రెండున్నర లక్షలు కావాలి. ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు, 1,223 మీటర్లు వేయాలంటే దాదాపు 3,74,000. అరచేతి టార్చిలో, రెండు సెంటీమీటర్ల గిన్నెతో మామూలు ఎల్‌ఈడీ పెట్టి అది అయ్యే పని కాదు. దూరం కావాలంటే అద్దం వెడల్పవ్వాలి, లేదా ఎల్‌ఈడీ పలక చిన్నదై మరింత ప్రకాశించాలి.

ఊళ్లో వాడకానికి ఏది అన్నది మాకు 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు తెలిసింది. సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్లు కరెంటు లేకుండా పైఅంతస్తులో ఉండిపోయారు. గింజల ముఖం టీఐఆర్ టార్చిని తక్కువ వెలుతురులో పెట్టి, సీలింగ్ వైపు నిలబెడితే గది మొత్తానికి సరిపోయిందట. వీధిలో పడవ వాళ్లకు సైగ చేయడానికి మాత్రం రిఫ్లెక్టర్ టార్చే పనికొచ్చింది.

కాబట్టి జేబులో ఒక్కటే పెట్టుకునే వాళ్లకు నా మాట: 30 డిగ్రీల లోపు, గింజల ముఖం ఉన్న టీఐఆర్. తోటకు, కాలవ గట్టుకు అవతలి ఒడ్డు కూడా చూడాల్సిన వాళ్లకు గరుకు రిఫ్లెక్టర్. కొనేటప్పుడు షాపులో గోడ మీద వేసి చూడకండి. నడుం ఎత్తులో పట్టుకుని పది అడుగుల ముందుకు వేసి, మీ చెప్పులు కనిపిస్తున్నాయో లేదో చూడండి.

పెదనాన్నకు కావాల్సింది కాళ్ల దగ్గరి వెలుతురే కాబట్టి ఈసారి టీఐఆర్‌దే ఇచ్చాను. పాత జూమ్ టార్చిని ఆయన పారేయలేదు. మోటారు షెడ్డులో స్టార్టర్ పక్కన మేకుకు వేలాడుతోంది, గొట్టం పూర్తిగా లోపలికి నొక్కి ఉంది.