చైన్ అలైన్‌మెంట్ కడ్డీ: చాలాకాలం వాడిన తరువాత

మోటార్‌సైకిల్ చైన్‌ను ఇంటి దగ్గరే సరిచేసుకోవడానికి ఏ పనిముట్లు కావాలని అడిగితే చాలామంది ప్యాడాక్ స్టాండు (వెనుక చక్రాన్ని నేల నుంచి ఎత్తి పట్టేది), టార్క్ రెంచ్ (నట్‌ను చెప్పినంత బలంతోనే బిగించేది) అని చెప్పి ఊరుకుంటారు. రెండూ నా దగ్గర ఉన్నాయి, రెండూ పనికివస్తాయి. అయినా కొన్నేళ్లుగా వాడుతున్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అలైన్‌మెంట్ కడ్డీ. వెనుక స్ప్రాకెట్‌ను, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రాన్ని, పట్టుకునే చిన్న క్లాంపు, దానికి బిగించిన సన్నని ఉక్కు కడ్డీ, అంతే దాని నిర్మాణం. కడ్డీ చైన్ మీదుగా ముందుకు సాగుతుంది. బండి వెనుక కూర్చుని ఒక కన్ను మూసి చూస్తే కడ్డీ, చైన్ సమాంతరంగా ఉన్నాయో లేదో, అంటే వెనుక చక్రం వంకరగా కూర్చుందో లేదో తెలిసిపోతుంది.

దాని విలువ నాకు తెలిసింది వెనుక టైరు మార్పించిన తరువాత. బండి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వెనుక నుంచి గరగరమనే శబ్దం మొదలైంది. చైన్ శుభ్రంగానే ఉంది, నూనె అందుతోంది, వదులు నా బండి మాన్యువల్ చెప్పిన 25–35 మి.మీ. మధ్యనే ఉంది, స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని మోసే చేయి) మీద యాక్సిల్ (చక్రపు ఇరుసు) స్థానాన్ని చూపే గుర్తులు రెండు వైపులా ఒకే గీతను చూపుతున్నాయి. చూసిన మెకానిక్ చైన్, స్ప్రాకెట్ల సెట్టు మొత్తం అరిగిపోయిందని, మార్చక తప్పదని తేల్చేశాడు. కానీ నాది 520 చైన్. దాని పిచ్ (ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం) 15.875 మి.మీ. కాబట్టి 20 పిచ్‌ల పొడవు కొత్తదానిలో 317.5 మి.మీ. ఉండాలి. అరిగిన చైన్ పొడవు పెరుగుతుంది, కానీ నా చైన్‌ను లాగి పట్టి, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొలిస్తే అంతకు ఒక మిల్లీమీటరు కూడా పెరగలేదు. పైగా వెనుక స్ప్రాకెట్ పళ్లు ఒక పక్క మాత్రమే రాసుకుని మెరుస్తున్నాయి. కడ్డీ బిగించి చూడగానే సంగతి బయటపడింది: చైన్ ఒక దారిన పోతుంటే కడ్డీ కొస దానికి ఎడంగా లోపలికి తిరిగి ఉంది.

గుర్తులు చెప్పనిది కడ్డీ చెప్పడానికి కారణం సులువైనదే. స్వింగ్ ఆర్మ్ మీద అచ్చువేసిన గీత మందమే దాదాపు మిల్లీమీటరు ఉంటుంది, ఆ గీతలు రెండు వైపులా సరిగ్గా ఒకే చోట పడ్డాయన్న భరోసా కూడా లేదు. యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ జరిపే రెండు అడ్జస్టర్ల మధ్య 200 మి.మీ. దూరం ఉందనుకుంటే, యాక్సిల్ ఒక పక్క 1 మి.మీ. వెనక్కి జరిగినప్పుడు 400 మి.మీ. కడ్డీ కొస 2 మి.మీ. పక్కకు పోతుంది. గీత దగ్గర కంటికి ఆనని తేడా కడ్డీ కొసన రెట్టింపై కనబడుతుంది.

యాక్సిల్ నట్ వదులు చేసి, ఒక అడ్జస్టర్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ వచ్చాను. ఒక చుట్టుకు 1.25 మి.మీ. జరిగే ఎం8 అడ్జస్టర్ బోల్టుకు పావు చుట్టు అంటే సుమారు 0.3 మి.మీ.; అంతకన్నా ఎక్కువ తిప్పవలసిన అవసరం ఒకేసారి ఎప్పుడూ రాదు. చికాకు పెట్టేది ఆ తరువాతే. నట్ బిగించేటప్పుడు యాక్సిల్ కాస్త కదిలి, అప్పటిదాకా పడ్డ శ్రమను వృథా చేస్తుంది. చైన్‌కూ వెనుక స్ప్రాకెట్‌కూ మధ్య మడిచిన గుడ్డ పెట్టి, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి బిగువుగా ఉంచితే యాక్సిల్ అడ్జస్టర్లకు ఆనుకుని నిలుస్తుంది, అప్పుడు నట్ బిగించాలి. (ఇంజిన్ నడిపి చక్రం తిప్పేవారిని చూశాను, వేళ్లు పోగొట్టుకోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.) గరగర శబ్దం ఆ సాయంత్రమే పోయింది, పాత సెట్టే ఇంకా చాలాకాలం నడిచింది.

ఇంతగా మెచ్చుకున్నా, కడ్డీ మాటను పూర్తిగా నమ్మడం ఈమధ్య తగ్గించాను. స్ప్రాకెట్ పక్కభాగం మీద మట్టి, గ్రీజు ఉంటే క్లాంపు ఒరిగి కూర్చుంటుంది, కడ్డీ అబద్ధం చెబుతుంది. కడ్డీ కొద్దిగా వంగినా అంతే, కనుక అప్పుడప్పుడు అద్దం మీద దొర్లించి చూసుకుంటాను. స్ప్రాకెట్ వెనుక ఉండే రబ్బర్లు వదులైన బండిలో అది చూపేది స్ప్రాకెట్ ఒరుగును తప్ప చక్రం వంకరను కాదు. నా క్లాంపు మర కూడా ఇప్పుడు సగం అరిగింది. ముందు చక్రం, వెనుక చక్రం ఒకే వరుసలో ఉన్నాయా అన్నది ఈ పనిముట్టు పరిధిలోకే రాదు.

ప్యాడాక్ స్టాండు గురించి కూడా నా పాత అభిప్రాయం కొంత మారింది. చక్రం తిప్పడానికి, చైన్ కడగడానికి అది హాయి. కానీ నా మాన్యువల్ వదులును సైడ్ స్టాండు మీద కొలవమంటుంది కాబట్టి చివరి కొలత కోసం బండిని దించవలసిందే. చైన్ అంతటా ఒకేలా సాగదు, అందుకే చక్రాన్ని తిప్పుతూ అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటు వెతికి అక్కడే కొలుస్తాను. కాస్త వదులైనా పరవాలేదు గాని, బిగువు మితిమీరితే సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడల్లా ఆ భారం గేర్‌బాక్స్ ముందు స్ప్రాకెట్ షాఫ్టు బేరింగు మీద పడుతుంది.

నా బండికి రెండు వైపులా మర అడ్జస్టర్లున్నాయి, చైన్ బయటికి కనిపిస్తుంది, నేను దూరప్రయాణాలు ఎక్కువగా చేస్తాను, నేల మీద కూర్చుని పని చేసుకునే ఓపికా ఉంది; అందుకే నాకు ఈ కడ్డీ సరిపోయింది. చైన్‌ను పూర్తిగా మూసే కవరున్న బండిలో ఈ కడ్డీకి చోటే ఉండదు. వెనుక ఒకే చేయి ఉన్న స్వింగ్ ఆర్మ్ బండికి దీని అవసరం ఉండదు. రోజూ కొద్ది దూరమే తిరిగేవారైతే ముందు మంచి టార్క్ రెంచ్ కొని, కడ్డీ సంగతి తరువాత చూసుకోవచ్చు.