నికాన్ 200-500: చెరువు కట్ట మీద ఎట్లా పనిచేస్తుంది

నికాన్ 200-500 ఎంఎం ఎఫ్/5.6 జూమ్ లెన్స్ 2015లో వచ్చింది. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోంది కాబట్టి పిట్టల ఫొటోలు మొదలుపెట్టేవాళ్లు ముందు దీన్నే అడుగుతారు. మా మాట: కొనొచ్చు. 500 దాకా లాగినా అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) 5.6 కన్నా చిన్నదైపోదు. వీఆర్ (చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు) చాలా నమ్మకమైనది.

"500 దగ్గర సాఫ్ట్‌గా (పదును లేకుండా) వస్తోంది" అనే ఫిర్యాదే ఎక్కువ. చాలాసార్లు తప్పు లెన్స్‌ది కాదు, ఎండది. పొద్దెక్కేసరికి పాలమూరు గుట్టలు, ఎండిన చెరువు శిఖం వేడెక్కి గాలి కదలడం మొదలవుతుంది. వంద మీటర్ల అవతలి కొంగ అంచులు వణుకుతాయి. షట్టర్ 1/2000 సెకను పెట్టినా, ట్రైపాడ్ వేసినా ఆ వణుకు పోదు. అందుకే లెన్స్‌ను పొద్దున ఏడు గంటల లోపు, పది మీటర్ల దూరంలో పరీక్షించాలి. కంటి చుట్టూ ఈకలు విడివిడిగా కనబడితే లెన్స్ బాగున్నట్టే. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూసి తీస్తే) పదునుగా వచ్చి వ్యూఫైండర్‌లో రాకపోతే కెమెరాలో ఏఎఫ్ ఫైన్‌ట్యూన్ (ఆటోఫోకస్ సవరణ) చేసుకోవాలి.

కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చున్నప్పుడు ముడుచుకున్న రెక్కలో నీలం కొంచెమే కనిపిస్తుంది. కిందికి దూకి పురుగును పట్టి, తరచూ అదే తీగ మీదికి వస్తుంది. ఆ దూకే క్షణం కావాలంటే షట్టర్ 1/2500, వీఆర్ స్పోర్ట్ మోడ్‌లో, ఫోకస్ దూరాన్ని పరిమితం చేసే స్విచ్ 6 మీటర్ల నుంచి అనంతం వైపు ఉండాలి. ఆ స్విచ్‌ను ఫుల్‌లో వదిలేస్తే ఫోకస్ తప్పినప్పుడల్లా లెన్స్ దగ్గరి నుంచి దూరం దాకా వెతుక్కుంటుంది, అంతలో పిట్ట పోతుంది. నల్లగొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం చెరువులో ఎండలో మెరిసే తెల్లకొంగకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ -0.7 పెట్టండి, లేదంటే ఈకల గీతలు తెల్లగా మాసిపోతాయి.

బరువు 2.3 కిలోలు. కారు కిటికీ మీద గుడ్డసంచిలో రెండు కిలోల జొన్నలు పోసి ఆనిస్తే ట్రైపాడ్ కన్నా హాయి.

ఇక లోపాలు. జూమ్ రింగ్ ఒక్క తిప్పుకు 200 నుంచి 500కు రాదు, మధ్యలో చెయ్యి మార్చుకోవాలి. గొట్టం ముందుకు సాగే రకం కాబట్టి దుమ్మును లోపలికి లాగుతుంది. మట్టిబాటలో తిరిగాక తుడవకుండా లోపలికి నెట్టొద్దు. జూమ్ లాక్ 200 దగ్గర మాత్రమే పడుతుంది. ట్రైపాడ్ కాలికి విడిగా ప్లేటు బిగించుకోవాలి.

పాతది కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు, వదిలేయండి. మీ కెమెరా బాడీ నికాన్ డీ90 లాంటి పాతదైతే అసలు కొనకండి. అపర్చర్‌ను అది నడపలేదు, ఎప్పుడూ 5.6 దగ్గరే ఉండిపోతుంది.