డిస్ప్యూట్ క్లోజ్ చేయమంటే చేయకండి: ఆ కోట సెట్టు సెల్లర్‌తో జాగ్రత్త

ఎవరి గురించి రాస్తున్నానో ఈపాటికే కొందరికి అర్థమై ఉంటుంది. లెగోలాంటి ప్లాస్టిక్ ఇటుకలతో కట్టుకునే పెద్ద కోట సెట్టు, దాంతోపాటు సైనికుల మినీఫిగర్ల (చిన్న మనిషి బొమ్మల) ప్యాక్ "ఉచితం", పెట్టె లేకుండా పంపుతాం కాబట్టి చవక అని చెప్పే ఆయనే. పెట్టె లేకపోతే నాకేం బాధ లేదు. లెగో కాకుండా, దాంతో కలిసే ఇటుకలు చేసే ఆల్టర్నేటివ్ బ్రాండ్లు కొనేవాళ్ళలో పెట్టె కోసం ఏడ్చేవాళ్ళు తక్కువే.

ఆర్డర్ పెట్టాను, ఆలస్యంగా వచ్చింది, ఆ గోల వదిలేయండి. లిస్టింగ్‌లో చూపించిన ముక్కలు వేరు, వచ్చినవి వేరు. ఫొటోలో గోడంతా ఒకే బూడిదరంగు. నాకొచ్చింది మూడు రకాల బూడిద, అందులో ఒకటి ఆకుపచ్చగా కొడుతోంది. పోనీ, పాతకోట కదా, పాచి పట్టింది అని సరిపెట్టుకుందాం. మరి పట్టు సంగతి? రెండు ఇటుకలు కలిపి తలకిందులు చేస్తే ఒకటి జారి కింద పడుతోంది. ఇంకో కవర్లోవి కలిపితే మళ్ళీ ఊడదీయడానికి పళ్ళు కావాలి.

అనుమానమొచ్చి మిల్లీమీటర్లు కొలిచే కాలిపర్ తీశాను. ఉండాల్సిన కొలతలు ఇవీ: ఇటుక మీది బొడిపె నుంచి బొడిపెకి 8 మిల్లీమీటర్లు, బొడిపె వ్యాసం 4.8, ఇటుక ఎత్తు 9.6. ఇవేం రహస్యం కావు, లెగోతో కలిసేలా చేసే బ్రాండ్లన్నీ ఈ కొలతలకే చేస్తాయి. ఎడం సరిగ్గానే ఉంది. బొడిపెలు మాత్రం ఒక కవర్లో 4.7 కూడా లేవు. మిల్లీమీటరులో పదో వంతు తేడాకి ఇంత రభసా అని బయటివాళ్ళు నవ్వొచ్చు. ఇటుక నిలిచేదీ ఊడేదీ ఆ పదో వంతులోనే.

ఇక సైనికులు. ఒకడి చెయ్యి పైకెత్తాను, టక్‌మంది. చూస్తే చంక దగ్గర్నుంచి మొండెం కింది అంచుదాకా సన్నటి తెల్లగీత, పగులు. ఇంకొకడికి ముఖం ప్రింటు పక్కకి జరిగి నోరు చెంప మీదకెళ్ళింది. హెల్మెట్ తీస్తే తలతో సహా వస్తోంది. అరచేతుల్లో పట్టు లేదు, కత్తి పెడితే జారిపోతోంది. యుద్ధం సంగతి దేవుడెరుగు, వీళ్ళకి నిలబడటమే కష్టంగా ఉంది.

పైగా నాలుగో నంబరు కవరు అసలు లేదు. కోట గుమ్మం, బురుజు పైకప్పు అందులోనే ఉండాలి. గుమ్మం లేని కోట!

కొన్న సైటులో డిస్ప్యూట్ వేశాను, అంటే సెల్లర్ మీద ఫిర్యాదు. గంట తిరక్కుండా మెసేజ్. "డియర్ ఫ్రెండ్, మీ బాధ మాకు పూర్తిగా అర్థమైంది. డిస్ప్యూట్ తెరిచి ఉంటే సిస్టమ్ మమ్మల్ని పార్సెల్ పంపనివ్వదు. దయచేసి క్లోజ్ చేయండి, నాలుగో కవరు, కొత్త మినీఫిగర్లు రెండూ ఇవాళే పంపిస్తాం." నమ్మకం కోసం ఒక ఫొటో కూడా. టేబుల్ మీద నాలుగో నంబరు కవరు, పక్కన నీలం టేపు చుట్ట.

క్లోజ్ నొక్కాను. "ఒకసారి మూసేస్తే మళ్ళీ తెరవలేరు, సరేనా?" అని ఆ సైటు ఎర్ర అక్షరాల్లో అడిగింది కూడా. సరే అన్నాను. అంత తెలివి.

తర్వాత రెండు మెసేజ్‌లకి జవాబు లేదు. ట్రాకింగ్ నంబరు ఏదని మూడోసారి అడిగితే వచ్చిన జవాబు ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "ఆ ధరకి ఇంకేం వస్తుందనుకున్నారు? ఒరిజినల్ కావాలంటే ఒరిజినల్ కొనుక్కోండి."

డియర్ లేదు, ఫ్రెండ్ లేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకే ఒళ్ళు మండిపోయింది. ఆ ధర పెట్టింది ఎవరు? నేను బేరమాడలేదే. "ఒరిజినల్ క్వాలిటీ" అని లిస్టింగ్‌లో పెద్ద అక్షరాలతో రాసుకుంది ఎవరు? లేని కవరు గురించి అడిగితే ధర గురించి మాట్లాడటమేంటి? చవగ్గా కొన్నంత మాత్రాన కవరు ఎగ్గొట్టే హక్కు వస్తుందా? ఆ తర్వాత అతని రివ్యూలన్నీ ఓపిగ్గా చదివాను. ఇంకో కొనుగోలుదారు తనకొచ్చిన ఫొటో పెట్టాడు. అదే టేబుల్, అదే నాలుగో నంబరు కవరు, అదే నీలం టేపు. ఒక్క ఫొటోతో ఎంతమంది డిస్ప్యూట్లు మూయించాడో.

"ఆల్టర్నేటివ్ అంటే ఇంతే కదా" అని మొదలుపెట్టేవాళ్ళకి ముందే చెప్తున్నా, ఇంతే కాదు. ఇటుక మీద లెగో పేటెంటు 1958 నాటిది, దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్కుగా ఉంచుకోవడం కుదరదని 2010లో యూరప్ కోర్టు కూడా తేల్చేసింది. కాబట్టి ఇటుకలు ఎవరైనా దర్జాగా చేసుకోవచ్చు, చేస్తున్నారు కూడా. పోలండ్ కంపెనీ కోబీ చేసే బొమ్మ ట్యాంకుల మీద గుర్తులు స్టిక్కర్లు కావు, ప్రింట్లు. గోబ్రిక్స్ అనే చైనా కంపెనీ ముక్కలతో వచ్చే సెట్లు కట్టినవాళ్ళకి పట్టు గురించి నేను చెప్పేదేముంది.

మినీఫిగర్ దగ్గర లెక్క వేరు. 1978లో వచ్చిన ఆ బొమ్మ ఆకారానికి యూరప్‌లో ట్రేడ్‌మార్కు ఉంది, దాన్ని కొట్టేయమని వేసిన కేసు 2015లో వీగిపోయింది. అందుకే నికార్సైన ఆల్టర్నేటివ్ బ్రాండ్ల మనుషులు చూడగానే కొంచెం తేడాగా ఉంటారు. ఇతని సైనికులు మాత్రం అచ్చు గుద్దినట్టు లెగోవే. దాన్ని ఆల్టర్నేటివ్ అనరు, నకిలీ అంటారు. అలా సెట్లకి సెట్లే కాపీ కొట్టిన లెపిన్ అనే చైనా బ్రాండు వాళ్ళని 2019లో అక్కడి పోలీసులే పట్టుకున్నారు. అయినా ఇలాంటి షాపులు పుడుతూనే ఉన్నాయి.

సలహా అంటారా, పెద్దగా ఏం లేదు. వస్తువు చేతికి రాకుండా, డబ్బు వెనక్కి రాకుండా డిస్ప్యూట్ క్లోజ్ చేయకండి, ఏ సిస్టమూ అలా అడగదు. కవర్లు విప్పేముందు నంబర్లు కనిపించేలా వీడియో తీసుకోండి. ముక్కలు ఏ కంపెనీవో లిస్టింగ్‌లో లేకపోతే అడగండి, చెప్పకపోతే వదిలేయండి.

ఇప్పటికే ఆ సైనికుల్ని కొన్నవాళ్ళు ఉంటే, ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. నా దగ్గరున్న వాటిలో సగానికి సగం చేతులు వేలితో అలా తాకితే ఊడి వచ్చేస్తున్నాయి.