బీచ్ పరుగా, కాలనీ నడకా? హుషారు కుక్కకి ఏది మేలు?

మా జిమ్మి లాబ్రడార్. రెండేళ్లు నిండాయి. పొద్దున్న ఐదున్నరకి నా దుప్పటి లాగుతుంది, లేవకపోతే చెప్పు తెచ్చి మంచం మీద పడేస్తుంది. ఉండేది ఎంవీపీ కాలనీలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. కుక్క సంగతి ఎత్తితే చాలు, వైజాగ్‌లో అందరిదీ ఒకటే మాట: "సముద్రం పక్కనే ఉంది కదండీ, బీచ్‌కి తీసుకెళ్లండి." ఏడాది పాటు రోజూ తీసుకెళ్లాను. ఇప్పుడు వారానికి ఒక్కసారే.

బీచ్ మంచిది కాదని కాదు. అల తగిలి గట్టిపడిన తడి ఇసుక మీద పరిగెడుతుంటే దాని ఆనందం చూసి తీరాల్సిందే. చెవులు వెనక్కి పడిపోతాయి, నాలుక ఒక పక్కకి వేలాడుతుంది. కానీ ఒక విషయం నాకు ఆలస్యంగా అర్థమైంది. రోజూ పరుగెత్తించే కొద్దీ కుక్కకి దమ్ము పెరుగుతుంది. మొదట్లో అరగంట పరుగుకే ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా పడుకునేది. ఆరు నెలలకి గంట పరిగెత్తినా చాలేది కాదు, రాగానే సోఫా దిండు పీకేది. అలసట తెప్పిద్దామనుకుని నేనే దాన్ని ఆటగాడిలా తయారు చేశాను.

ఇంకో భయం కూడా ఉంది. ఒకరోజు పెద జాలారిపేట దగ్గర వల లాగి చేపలు ఏరుకున్నాక, అక్కర్లేనివి ఇసుకలో వదిలేశారు. జిమ్మి నేరుగా ఒకదాని మీదికి వెళ్లింది. తెల్లటి పొట్ట, బంతిలా ఉబ్బిన చేప. వల సర్దుతున్న పెద్దాయన ఒక్క కేక వేశాడు: "బేగి లాగండమ్మా! అది తిన్నాదంటే కుక్క బతకదు." దవడ తెరిచి, వేలు పెట్టి బయటికి తీశాను. అదృష్టం, ఇంకా కొరకలేదు. ఆ జాతి చేపల విషం చచ్చాక కూడా పోదు. దానికి విరుగుడు మందు లేదు. ఆ రోజంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఉప్పునీళ్లు ఎక్కువ తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆర్కే బీచ్ వైపు అలలు లోపలికి లాగేస్తాయి, ఈత బాగా వచ్చిన కుక్కకైనా అక్కడ ప్రమాదమే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. కుక్క ముక్కు ఆ గుంటని ఇట్టే పట్టేస్తుంది. ఆ నెలల్లో బెల్టు విప్పడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఇక కాలనీ నడక. మొదట్లో నాకిది తక్కువ రకంగా అనిపించేది. పద్ధతి మార్చాక తేడా తెలిసింది. ఇప్పుడు నేను లాగను, అదే దారి చూపిస్తుంది. బెల్టు వదులుగా, పొడుగ్గా పట్టుకుని వెనకే నడుస్తాను. రైతుబజారు వెనక సందులో ఒక కరెంటు స్తంభం ఉంది. దాని మొదట్లో జిమ్మి మూడు నిమిషాలైనా నిలబడుతుంది. ముక్కు పుటాలు అదురుతుంటాయి, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, మళ్లీ అదే చోట వాసన చూస్తుంది. రాత్రి ఎవరొచ్చారు, ఆడదా మగదా, అంతా అక్కడే తెలుసుకుంటుంది. కుక్కలకి వాసన పట్టే కణాలు మనకన్నా పదుల రెట్లు ఎక్కువ. ఆ పని బుర్రని అలసిస్తుంది. నలభై నిమిషాలు ఇలా తిరిగొస్తే గడ్డం నేలకి ఆనించి పడుకుంటుంది, దిండు జోలికే పోదు.

ఇబ్బందల్లా వీధి కుక్కలు. ప్రతి సందుకీ ఒక గుంపు ఉంటుంది. ఎదురైతే బెల్టు బిగించి లాగకూడదు, మన కంగారు దానికి తెలిసిపోతుంది. నేను రోడ్డు దాటేస్తాను. ఏటా రేబిస్ టీకా మాత్రం తప్పనిసరి. పొదల్లో తిరిగొచ్చాక చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో గోమార్లు చూసుకోవాలి.

ఇంట్లోనే బంతాట సంగతి కూడా అడుగుతుంటారు. తుఫాను వానలకి బయటికి వెళ్లలేని రోజుల్లో పది నిమిషాలకి పర్వాలేదు. నున్నటి నేల మీద గబుక్కున తిరిగితే కీళ్లు దెబ్బతింటాయి, పైగా కింది ఫ్లాట్ వాళ్లకి నిద్ర ఉండదు.

ఎండాకాలంలో బీచ్ అయినా కాలనీ అయినా ఒకటే. కుక్క రొప్పుతూ నోటి తడి ఆరితేనే చల్లబడుతుంది. మన ఉక్కపోతలో ఆ తడి త్వరగా ఆరదు. అందుకే ఎండ అంతగా లేదనిపించిన రోజున కూడా వడదెబ్బ తగలొచ్చు. అరచేతి వెనక భాగం తారు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మనం ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఏప్రిల్, మే నెలల్లో మేం ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాం. మళ్లీ బయటికెళ్లేది చీకటి పడ్డాకే.

ఏది మేలంటే, రోజువారీకి కాలనీ నడకే, రెండు పూటలా. ఏడాది నిండని పెద్ద జాతి పిల్ల అయితే ఎముకలు ఇంకా ముదరవు, దాన్ని దూరం పరుగెత్తించనే కూడదు. మాకు బీచ్ ఆదివారం మాత్రమే. సూర్యుడు రాకముందే జోడుగుళ్లపాలెం వైపు వెళ్తాం, సంచిలో మంచినీళ్ల సీసా, గిన్నె. తిరిగొచ్చాక ఒక బకెట్ మంచినీళ్లతో పొట్ట కింద, కాళ్ల మధ్య ఉప్పంతా పోయేలా కడుగుతాను. అప్పుడు మాత్రం కదలకుండా నిలబడి, తడి ముక్కు నా మోకాలికి ఆనిస్తుంది.