ముక్కు సర్జరీ అయ్యి మూడున్నరేళ్లు: డాక్టరు తీయకుండా ఉంచేసిన ఆ కాస్త ఎత్తు గురించి

నా ముక్కు మీద ఇప్పటికీ చిన్న ఎత్తు ఉంది. వేలితో పైనుంచి కిందికి రాస్తే, కళ్లజోడు ఆనే చోటు దాటగానే తగులుతుంది. రెండు లక్షల పైచిలుకు ఖర్చుపెట్టి సర్జరీ చేయించుకున్నాక కూడా ఆ ఎత్తు మిగిలి ఉన్నందుకు నాకు రోజూ సంతోషమే. ఎందుకో చెబుదామనే ఇది రాస్తున్నాను.

రైనోప్లాస్టీ (ముక్కు ఆకారం సరిచేసే సర్జరీ) గురించి, ఓపెన్‌కీ క్లోజ్డ్‌కీ తేడా ఏమిటో ఎక్కడైనా దొరుకుతుంది, అవి వదిలేస్తాను. నాది ఓపెన్, అంటే ముక్కు కింద బయట చిన్న కోత పెట్టి చర్మం పైకెత్తి చేసేది. 2022 ఆగస్టులో హైదరాబాద్‌లో అయింది, అప్పటికి నాకు 36 ఏళ్లు. మాది గుంటూరు, బ్యాంకులో ఉద్యోగం. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పటి నుంచీ ముక్కు లోపలి మధ్యగోడ ఎడమవైపు వంగి ఉండేది, ఆ పక్క ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. లోపలి పని, బయటి పని రెండూ ఒకేసారి చేశారు. లోపలి పనికి ఇన్సూరెన్స్ వచ్చింది. బయటి పని డబ్బులు మాత్రం మనమే పెట్టుకోవాలి, పైగా అందానికి చేసే సర్జరీ కాబట్టి 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ముందే లెక్క వేసుకోండి.

నాన్నది, మేనత్తది, నాదీ ఒకటే ముక్కు. మధ్యలో ఎత్తుగా లేచి, కొన దగ్గర కిందికి వాలుతుంది. నాన్నకు హుందాగా ఉంటుంది. నా విషయానికి వచ్చేసరికి, పెళ్లిచూపులప్పటి నుంచీ "వాళ్లమ్మ పోలిక వచ్చుంటే కోటేరు ముక్కు వచ్చేది" అనే మాటే. ఆ మాట ఎన్నిసార్లు విన్నా సర్జరీ ఆలోచన రాలేదు. లాక్‌డౌన్‌లో వచ్చింది. రోజుకు నాలుగైదు వీడియో మీటింగులు, ప్రతి దాంట్లో నా మొహం నాకే కనిపిస్తూ ఉండేది. ఎదుటివాళ్లు చెప్పేది వినకుండా నా ముక్కే చూసుకుంటున్నానని ఒకరోజు తెలిసింది.

మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు రెండు కోరికలు చెప్పాను. ముక్కు దూలం మీది ఎత్తు మొత్తం పోవాలి, ముక్కు పుటాలు సన్నబడాలి. ఆయన రెండో దానికి అక్కడికక్కడే ఒప్పుకోలేదు. నన్ను గోడకు ఆనుకుని నిలబడమని, ఐదడుగుల దూరం నుంచి ఫొటో తీశారు. నా ఫోన్‌లోని సెల్ఫీ పక్కన పెట్టి చూపించారు. రెండూ ఒకే మనిషి ముక్కులని నమ్మబుద్ధి కాలేదు. అడుగు దూరంలో తీసిన ఫొటోలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో లెక్కకట్టి చూపించారట. "ఫోన్ చేసిన వెడల్పుకి నేను కత్తి పట్టుకోలేనమ్మా" అన్నారు.

ఎత్తు విషయంలో నేను వాదించాను. కంప్యూటర్ మీద నా పక్కఫొటో తీసుకుని రెండు రకాలుగా మార్చి చూపించారు. ఒకదాంట్లో దూలం గీత గీసినట్టు ఉంది. రెండోదాంట్లో ఒక మిల్లీమీటరు ఎత్తు మిగిలింది. నేను మొదటిదే కావాలన్నాను. నా ముక్కు చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూసి, "మీ చర్మం మందం. లోపల ఎముక, కార్టిలేజ్ (చెవిలో ఉండేలాంటి మెత్తని ఎముక) బాగా తగ్గించేస్తే పైన చర్మం అంతగా ముడుచుకోదు. పెద్ద దిండు తీసి చిన్న దిండు పెడితే గలీబు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ ఖాళీలో గాయం మానేటప్పుడు వచ్చే మచ్చకండ పెరుగుతుంది" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. ముప్పై ఆరేళ్లుగా నా కళ్లు, గడ్డం, నుదురు ఆ ఎత్తు పక్కనే ఉన్నాయి, దాన్ని పూర్తిగా తీసేస్తే మిగతా మొహం వేరేవాళ్లదిలా కనిపిస్తుందని. నాకు కోపం వచ్చింది. డబ్బులు కట్టేది నేను, ముక్కు నాది, ఈయనెవరు వద్దనడానికి అనుకుంటూ గుంటూరు వచ్చేశాను. రెండు నెలలు మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

ఇంట్లో నాన్నకు చెప్పినప్పుడు పేపరు మడిచి పక్కన పెట్టి, "నా ముక్కు నీకు అంత బరువైందా తల్లీ" అన్నారు. కోప్పడి అన్న మాట కాదు. నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ హైదరాబాద్ వెళ్లి ఒక మిల్లీమీటరుకు ఒప్పుకోవడానికి ఆ ప్రశ్న కూడా కారణమే.

సర్జరీలో ఏం చేశారో ఒక్క విషయం చెప్పాలి, ఎందుకంటే సహజంగా కనిపించడానికి అదే మూలం. దూలం మీది ఎత్తు కోసేస్తే కింద గాలి వెళ్లే దారికి పైకప్పు పోయినట్టే. పక్కగోడలు లోపలికి వాలి, కాలక్రమంలో ముక్కు మధ్యలో నొక్కినట్టు అవుతుంది, ఊపిరి కూడా తగ్గుతుంది. అలా కాకుండా, సరిచేసిన మధ్యగోడలోంచి తీసిన కార్టిలేజ్‌ని అగ్గిపుల్లల్లాంటి రెండు పట్టీలుగా కోసి దూలానికి రెండువైపులా కుట్టారు. స్ప్రెడర్ గ్రాఫ్టులంటారు వాటిని. ముక్కు సర్జరీ అంటే కోసి పారేయడమే అనుకున్న నాకు, తీసినదాన్నే మళ్లీ లోపల వాడతారని అప్పుడే తెలిసింది. చేయించుకోవాలనుకునేవాళ్లు "ఎంత తీస్తారు" అని అడిగినప్పుడు "తీశాక దేనితో నిలబెడతారు" అని కూడా అడగండి.

వారం రోజులు స్ప్లింటు (ముక్కు కదలకుండా పెట్టే గట్టి పట్టీ), పది రోజులు కళ్లకింద నలుపు, ఆరు వారాలు ముక్కు మీద కళ్లజోడు పెట్టకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఇవన్నీ గడిచిపోయాయి. మూడో నెలకే సర్జరీ సంగతి తెలిసినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాను, బ్రహ్మాండంగా ఉందని, రాత్రంతా నోరు మూసుకుని పడుకోగలుగుతున్నానని.

తర్వాత 2023 భోగి వచ్చింది. తెల్లవారుజామున భోగిమంట దగ్గర మా తమ్ముడు పక్కనుంచి ఫొటో తీశాడు. మంట వెలుగులో నా ముక్కు నీడ అంచు కత్తిరించినట్టు పడింది. దూలం బాగుంది. దాని కింద, కొనకు కొంచెం పైన, ఉబ్బుగా గుండ్రంగా లేచి, కొన దాని కిందికి వంగి ఉంది. చిలుక ముక్కు. సర్జరీకి ముందున్న ముక్కే నయమనిపించింది. ఆ పండగ మూడు రోజులూ ఎవరు ఫోన్ ఎత్తినా మొహం తిప్పేసుకున్నాను. అరిసెలు చేస్తూ చేస్తూ లేచి వెళ్లి అద్దంలో చూసుకునేదాన్ని.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. సర్జరీ చేసిన డాక్టరుకు ఫోన్ చేయలేదు. ఆయన మాట విని ఎత్తు ఉంచుకున్నందుకే ఇలా అయిందని మనసులో పడిపోయింది. దగ్గర్లోని వేరే క్లినిక్‌కి వెళ్లాను. పది నిమిషాలు చూసి, మళ్లీ తెరవాల్సిందే, ఆలస్యం చేస్తే గట్టిపడిపోతుంది అన్నారు. పక్కటెముక కార్టిలేజ్ తీసి కొన మళ్లీ కడతామన్నారు. ఆ టెన్షన్‌లో 20 వేలు అడ్వాన్స్ కట్టేశాను. నా చర్మం మందమా, పలుచనా అని ఎవరూ ముట్టుకుని చూడలేదు. ఆ సంగతి ఇంటికొచ్చాక తట్టింది.

చివరికి పాత డాక్టరు దగ్గరికే వెళ్లాను. ఆయన ఉబ్బు మీద వేలితో నొక్కి పట్టుకుని, నా వేలిని కూడా అక్కడ పెట్టించారు. మెత్తగా, లోపలికి దిగుతోంది. కార్టిలేజ్ అయితే అలా దిగదు, ఇది వాపు, కింద పేరుకున్న మచ్చకండ అన్నారు. మందం చర్మం ఉన్నవాళ్లకు ముక్కు కొన దగ్గర వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుందని మొదట్లోనే చెప్పారు. నేనే ఏడాది అన్న మాటను ఆరు నెలలుగా విన్నాను. ఇన్సులిన్ సిరంజితో రెండు చుక్కల ట్రయామ్‌సినలోన్ లోతుగా ఇచ్చారు. అది స్టెరాయిడ్. ఎక్కువైనా, పైపైన ఇచ్చినా చర్మం పలుచబడి గుంట పడుతుందట, అందుకే చాలా కొంచెం. ఆరు వారాలకు ఇంకోటి. రోజూ రాత్రి పడుకునే ముందు ఉబ్బు మీద నొక్కి మైక్రోపోర్ టేపు అంటించుకోవాలి. ఉదయం టేపు తీస్తే చర్మం మీద దాని గళ్లు అచ్చుపడి ఉండేవి. అవి పోయేదాకా ఆగి బ్యాంకుకు వెళ్లేదాన్ని.

ఎనిమిది నెలలు అంటించాను. మళ్లీ తెరవాల్సిన పని రాలేదు. ఏ రోజు తగ్గిందో చెప్పలేను. పద్నాలుగో నెలలో, మేనత్త మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు వచ్చాయి. పక్కఫొటోలో నేనూ మేనత్తా పక్కపక్కన ఉన్నాం. ఇద్దరి ముక్కులూ ఒకే ఇంటివని ఎవరికైనా తెలుస్తుంది. నాది కొంచెం తేలిక, అంతే. సర్జరీ సంగతి తెలియని అత్త ఆ రోజంతా నాతోనే ఉండి, "ఏమే, ఒళ్లు తగ్గినట్టున్నావ్" అంది. ముక్కు ఊసే ఎత్తలేదు. గీత గీసినట్టున్న ముక్కు పెట్టించుకుని ఉంటే ఆ ఫొటోలో మా అత్త పక్కన నేను ఎవరి పిల్లలా కనిపించేదాన్నో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ డాక్టరు చేయనన్న పనే నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది.

మూడో నెలలో చెప్పిన గొప్పల్లో కొన్ని సరిదిద్దుకోవాలి. ఊపిరి మునుపటికన్నా చాలా మెరుగు, నిజమే. కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, యార్డుకు మిర్చి వచ్చే రోజుల్లో, రాత్రిపూట ఒక పక్క మూసుకుపోతూనే ఉంది. అలర్జీ వేరు, వంకర వేరు. గోడ సరిచేస్తే అలర్జీ పోదని డాక్టరు చెప్పారు, నేను వినిపించుకోలేదు. కొన కూడా పూర్వంలా మెత్తగా లేదు. లోపల నిలబెట్టిన కార్టిలేజ్ వల్ల పైకి నొక్కితే బిగుతుగా ఉంటుంది. నవ్వినప్పుడు కొన ఇదివరకటిలా కిందికి దిగదు. చూసేవాళ్లకు తెలియదు, నాకు తెలుస్తుంది.

ఇంకొకటి ఉంది, దాని మీద మాత్రం నాకు కినుకే. ముక్కుపుడక. ఏడో ఏట కుట్టించిన పుడక కుడివైపు ఉండేది. ఆపరేషన్ ముందు పుడక తీసి రమ్మన్నారు, అంతే. మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చో, రంధ్రం ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, నాకూ అడగాలని తట్టలేదు. ఏడాది తర్వాత చూస్తే రంధ్రం పూడిపోయి చుక్కంత గుంట మిగిలింది. పదిహేనో నెలలో డాక్టరుకు చెప్పి, మాకు అలవాటైన ఆచారి గారి దగ్గర అదే గుంటలో మళ్లీ కుట్టించాను. పుడక పాత చోటే కూర్చుంది. కానీ అద్దంలో ఎదురుగా చూసుకుంటే లోపలి మర బయటికి కనిపించింది. ఇదివరకు ఎప్పుడూ కనిపించలేదు. కుడి పుటం అంచు ఒక పిసరు పైకి లాగి ఉంది. పుడక లేకపోతే నేను కూడా కనిపెట్టలేనంత తేడా. పెట్టుకుంటే మాత్రం ఆ మర తళుక్కుమంటుంది. మన ఆడవాళ్లకు ముక్కు సర్జరీ చేసే ఎవరైనా సరే పుడకతో ఒక ఫొటో, పుడక గురించి ఒక మాట మొదటి రోజే మాట్లాడాలి.

ఇదంతా నా చర్మానికి, నా ముక్కుకి జరిగిన కథ. చర్మం పలుచగా ఉన్నవాళ్లకు వాపు తొందరగా తగ్గుతుంది, కానీ లోపల చిన్న మిట్టపల్లాలు కూడా పైకి కనిపించే అవకాశం ఎక్కువ. వాళ్లకు నా టేపు అనుభవం అంతగా పనికిరాదు. పాతికేళ్ల లోపు అమ్మాయి అడిగితే నేనేం చెబుతానో కూడా నాకు తేలలేదు. నాకు ఊపిరి ఇబ్బంది ఉంది, సొంత జీతం ఉంది, ఏడాదిన్నర ఆగగలిగాను. ఆ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా బహుశా వెళ్లేదాన్ని కాదు.

పుటం అంచు దించడానికి చెవి వెనక నుంచి చిన్న ముక్క కార్టిలేజ్ తీసి పెట్టవచ్చని డాక్టరు అన్నారు. చిన్న పనే, మత్తు పూర్తిగా ఇవ్వనక్కర్లేదట. మిర్చి సీజన్ అయ్యాక చూద్దామన్నాను. ఈలోగా ఆచారి గారు మర పొడవు సగానికి తగ్గించి, చివర గుండ్రంగా అరగదీసి ఇచ్చారు. తల బాగా పైకెత్తితే తప్ప కనిపించడం లేదు.